థైరాయిడ్ ఎక్కువైన వాళ్ళు మూలికల పొడులు వాడొచ్చా? మాత్రతో పాటు ఏది సరే, ఏది వద్దు



పై వీడియోలో పెన్నేరు గడ్డ, అంటే అశ్వగంధ, తవ్వడం దగ్గర్నుంచి ఆరబెట్టి పొడి కొట్టేదాకా చూపించాను. చివర్లో ఒక మాట అన్నాను: "థైరాయిడ్ ఎక్కువ ఉన్నవాళ్ళకి ఈ పొడి నేను అమ్మను." వీడియో మొత్తం మీద వచ్చిన ఫోన్ల కంటే ఆ ఒక్క మాట మీద వచ్చినవే ఎక్కువ. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఎక్కడి నుంచి చేసినా అడిగింది ఒకటే: "అన్నా, మాత్ర వేసుకుంటా మన మూలికలు కూడా వాడుకోవచ్చా, వాడుకోకూడదా?"

వీడియోలో టైము చాలక చెప్పలేకపోయింది ఇక్కడ పాఠం మాదిరి రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. వ్యవసాయ డిప్లొమా చదివి, మూలికలు పండించి, పొడి చేసి అమ్ముకునే రైతుని. కానీ ఒక పంటను మందుగా అమ్ముతున్నప్పుడు అది ఎవరికి పడదో తెలుసుకోవడం కూడా మన సేద్యంలో భాగమే. అందుకే రాస్తున్నాను.

1. ముందు ఏ థైరాయిడ్ అని అడగండి

"నాకు థైరాయిడ్ ఉంది" అనడం, "నా చేనుకి నీళ్ళ సమస్య ఉంది" అన్నట్టే. బోరు ఎండిపోయిందా, మడి మునిగిపోయిందా? రెండూ నీళ్ళ సమస్యలే. ఒకదానికి చేసే పని ఇంకోదానికి చేస్తే పంట పోతుంది.

గొంతు ముందర సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి థైరాయిడ్. అది టీ3, టీ4 అనే హార్మోన్లు తయారు చేస్తుంది. ఒళ్ళు ఎంత వేగంగా పనిచేయాలో చెప్పేది అవే. అవి తక్కువైతే మనిషి మందగిస్తాడు, బరువు పెరుగుతాడు, చలి తట్టుకోలేడు. మనలో ఎక్కువ మందికి ఉండేది ఇదే. ఎక్కువైతే అంతా తిరగబడుతుంది. గుండె దడ, చేతులు వణుకు, చెమటలు, ఎండ ఓర్చుకోలేకపోవడం, బాగా తింటున్నా బరువు తగ్గడం, మాటిమాటికీ విరేచనం, నిద్ర పట్టకపోవడం. కొందరికి కళ్ళు ముందుకు పొడుచుకొస్తాయి.

రిపోర్టు చదవడంలో ఒక తిరకాసు ఉంది. టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ హార్మోన్ కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి, "ఇంకా తయారు చెయ్యి" అని థైరాయిడ్‌కి పంపే ఆర్డరు అది. సరుకు ఎక్కువైపోతే ఆర్డరు ఆగిపోతుంది. అంటే టీఎస్‌హెచ్ బాగా తక్కువగా ఉండి, టీ3, టీ4 ఎక్కువగా ఉంటే అది థైరాయిడ్ ఎక్కువైన జబ్బు. చాలామంది రిపోర్టులో టీఎస్‌హెచ్ తక్కువ అని చూసి "నాకు థైరాయిడ్ తక్కువంట" అని చెప్తారు. ఆ మాట నమ్మి పొడి ఇస్తే నేరుగా ఎదురు మందు ఇచ్చినట్టే.

2. డాక్టరు ఇచ్చే మాత్ర ఏం చేస్తుంది

మన దగ్గర ఎక్కువగా రాసేది కార్బిమజోల్. అది థైరాయిడ్ కొత్తగా హార్మోన్ తయారు చేయకుండా అడ్డుకుంటుంది. కానీ గ్రంథిలో ముందే నిల్వ ఉన్న సరుకు ఖాళీ కావాలి కదా. అందుకే మాత్ర మొదలుపెట్టిన నాలుగు రోజుల్లో తేడా కనపడదు, కొన్ని వారాలు పడుతుంది. ఆలోగా దడ, వణుకు తగ్గడానికి చాలామందికి ప్రొప్రనలాల్ లాంటి మాత్ర కూడా ఇస్తారు. గ్రేవ్స్ జబ్బు, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ని రెచ్చగొట్టే రకం, అయితే కార్బిమజోల్ మామూలుగా 12 నుంచి 18 నెలలు వాడాలి. అది చాలకపోతే రేడియో అయోడిన్, లేదా ఆపరేషన్.

"రెండు వారాలైంది, మాత్ర పనిచేయలేదు, మానేసి మూలికకి వస్తాను" అనేవాళ్ళు ఈ నిల్వ సంగతి తెలియక అంటారు. మధ్యలో టక్కున ఆపితే హార్మోన్ మళ్ళీ ఎగదన్నుతుంది. అది ముదిరితే జ్వరం, విపరీతమైన దడ, మతి తప్పడం దాకా పోయి ప్రాణం మీదికి వస్తుంది.

3. రసాయనం వద్దన్న మనం మాత్ర మింగొచ్చా?

ఈ ప్రశ్న కుప్పం వైపు నుంచి ఒక పెద్దాయన నన్ను నేరుగా అడిగినాడు. "చేనుకి మందు కొట్టొద్దంటావు, మనిషికి మాత్రం మందు మింగమంటావు, ఇదేం న్యాయం నాయనా?"

తెలుగులో ఈ ఇబ్బంది ఉంది. పురుగుకి కొట్టేదాన్నీ మందే అంటాం, జబ్బుకి మింగేదాన్నీ మందే అంటాం. పేరు ఒకటైనంత మాత్రాన పని ఒకటి కాదు. మనం యూరియా, పురుగుమందులు వద్దన్నది అవి నేలను, నీళ్ళను, తిండిని పాడు చేస్తున్నాయని. ఈ మాత్ర ఒక మనిషికి, ఒక జబ్బుకి, మిల్లీగ్రాముల్లో లెక్కగట్టి ఇచ్చేది. పనిచేస్తోందో లేదో రక్తపరీక్ష చెప్తుంది.

ఇంకో సంగతి. ఈ మాత్రల చరిత్ర మొదలైంది కూరగాయల నుంచే. 1928లో అమెరికాలో కుందేళ్ళకి ఎక్కువ రోజులు క్యాబేజీ మేపితే వాటి థైరాయిడ్ ఉబ్బడం గమనించారు. కొన్ని ఆకుల్లో, దుంపల్లో థైరాయిడ్ పనిని అడ్డుకునే గుణం ఉందని అలా బయటపడింది. ఆ రకం గుణమున్న రసాయనాలను వెతుకుతూ పోయి, 1943లో ఎడ్విన్ ఆస్ట్‌వుడ్ అనే డాక్టరు థైరాయిడ్ ఎక్కువైన రోగులకు థయోయురాసిల్ ఇచ్చి ఫలితం చూపించాడు. తర్వాత ఆ కోవలోనే కార్బిమజోల్ వచ్చింది.

"అయితే క్యాబేజీయే తింటే సరిపోతుంది కదా?" సరిపోదు. క్యాబేజీలో ఆ గుణం రకాన్ని బట్టి, నేలను బట్టి మారుతుంది, వండితే చాలావరకు పోతుంది. మాత్రలో అది 5 మిల్లీగ్రాములంటే 5 మిల్లీగ్రాములే.

మన మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. క్షయ రోగుల కోసం వందేళ్ళ కిందట కట్టిన శానిటోరియం. అప్పట్లో క్షయకి మాత్రలు లేవు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, వాటితోనే నెట్టుకొచ్చారు. 1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది. దొరికింది ఎక్కడో కాదు, మట్టిలో ఉండే సూక్ష్మజీవిలో. జీవామృతం పోసి మనం పెంచుకునే నేల జీవుల్లో ఆ జాతివి కూడా ఉంటాయి. మందు వచ్చాక తిండి, విశ్రాంతి పనికిరానివి కాలేదు. కానీ క్రిమిని చంపింది మందే. మాత్ర, మూలిక పక్కపక్కన ఉండడం అంటే నాకు అర్థమైంది ఇదే. ఎవరి పని వాళ్ళు చేయాలి.

4. ఏ మూలిక ఎటు లాగుతుంది

*అశ్వగంధ:* థైరాయిడ్ ఎక్కువున్నవాళ్ళు వాడకూడని వాటిలో నేను మొదట చెప్పేది ఇదే. 1998లో ఇండోర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఎలుకల మీద చూస్తే వేరు సారంతో టీ4 పెరిగింది. 2018లో మన దేశంలోనే, థైరాయిడ్ కొంచెం తక్కువగా ఉన్న 50 మంది మీద అధ్యయనం చేశారు. రోజుకి 600 మిల్లీగ్రాముల వేరు సారం 8 వారాలు ఇస్తే టీ3, టీ4 పెరిగి టీఎస్‌హెచ్ తగ్గింది. తక్కువ ఉన్నవాళ్ళకి అది లాభంగా కనపడొచ్చు. ఎక్కువ ఉన్నవాళ్ళకి మునిగిన మడికి ఇంకో మోటారు వేసినట్టు. ఇంతకుముందు ఏ జబ్బూ లేని మనిషికి అశ్వగంధ గొట్టాలతో థైరాయిడ్ ఎక్కువై, ఆపితే సర్దుకున్న ఉదంతాన్ని 2005లో నెదర్లాండ్స్ డాక్టర్లు నమోదు చేశారు. కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా వచ్చాయి. నిద్ర పట్టదు, గాబరాగా ఉంది అని అశ్వగంధ అడిగేవాళ్ళు ఎక్కువ. ఆ రెండూ థైరాయిడ్ ఎక్కువైన లక్షణాలే కావొచ్చు. జాగ్రత్త పడాల్సింది అక్కడే.

*గుగ్గులు, కాంచనార గుగ్గులు:* "థైరాయిడ్‌కి మంచిది" అని దుకాణాల్లో చెప్పి ఇచ్చేది ఇది. జంతువుల మీద చేసిన పరీక్షల్లో గుగ్గులు థైరాయిడ్‌ని ఉత్తేజపరిచింది. ఎక్కువున్నవాళ్ళు సొంతంగా మొదలుపెట్టొద్దు.

*సముద్రపు నాచు:* చేను మీద పిచికారీకి వాడే నాచు ద్రావణం మనకి తెలుసు. బలం అని దాని పొడి తినేవాళ్ళూ ఉన్నారు. నాచులో అయోడిన్ చాలా ఎక్కువ, ఒక్కో రకంలో ఒక్కో తీరు. థైరాయిడ్‌లో గడ్డలున్నవాళ్ళకి అయోడిన్ ఒక్కసారిగా ఎక్కువైతే హార్మోన్ పొంగిపోతుంది. ఇంట్లో వాడే మామూలు ఉప్పు మాత్రం మీ అంతట మీరు మానేయొద్దు. రేడియో అయోడిన్ చేసే ముందు అయోడిన్ తగ్గించాలంటే డాక్టరే చెప్తారు.

*తులసి, మునగాకు:* ఇవి ఎదురు వైపు. అదే ఇండోర్‌లో చేసిన పరీక్షల్లో తులసి సారంతో టీ4, మునగాకు సారంతో ఆడ ఎలుకల్లో టీ3 తగ్గాయి. ఇది చూసి "మునగాకు పొడితో థైరాయిడ్ తగ్గుతుంది" అని లేబుల్ కొట్టేస్తే తప్పు. అవి ఎలుకలు, అది గాఢమైన సారం. మునగాకు పప్పు తినండి, బాగుంటుంది. కానీ అది మాత్రకి బదులు కాదు.

*అతిమధురం:* దగ్గుకి వాడతాం. ఎక్కువ రోజులు ఎక్కువ మోతాదులో తింటే ఒంట్లో పొటాషియం తగ్గి, బీపీ పెరుగుతుంది. దడతో బాధపడే గుండెకి అది మంచిది కాదు.

*బయోటిన్:* మూలిక కాదు, కానీ జుట్టు కోసం అమ్మే పొట్లాల్లో, గోళీల్లో ఉంటుంది. ఇది జబ్బు తేదు, కొన్ని ల్యాబుల పరీక్షనే తప్పుదారి పట్టిస్తుంది. థైరాయిడ్ లేని మనిషికి ఎక్కువున్నట్టు రిపోర్టు రావొచ్చు. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపి, ఆ సంగతి ల్యాబులో చెప్పండి.

యూరప్‌లో బగల్‌వీడ్, మదర్‌వోర్ట్ అనే మొక్కలు తేలికపాటి థైరాయిడ్ ఎక్కువకి వాడుకలో ఉన్నాయి. మన నేలలో పండే పంటలు కావు. వాటికైనా మనుషుల మీద పెద్ద పరీక్షల బలం లేదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ప్రయోగం చేయొద్దు.

పుంగనూరు వైపు ఒక అక్క ఫోన్ చేసింది. కార్బిమజోల్ వాడుతోంది. నీరసానికి అశ్వగంధ కావాలంది. ఇవ్వనన్నాను. అప్పుడు చెప్పింది, "ఒక నెల నుంచి వేరే చోట కొన్న బలం పొడి తింటా ఉండానబ్బా, దడ మళ్ళీ వచ్చింది." పొట్లం వెనకాల చదవమంటే అందులో అశ్వగంధ ఉంది. ఆ పొట్లం, మాత్రల చీటీ రెండూ డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మన్నాను. ఆయన పొడి ఆపించి, పరీక్షలు చేయించి, మోతాదు చూసి రాసిచ్చినారంట. ఆ తర్వాత నెలన్నరకి దడ తగ్గిందని చెప్పింది. దడకి కారణం ఆ పొడేనని నేను తేల్చి చెప్పలేను. ఆ పొట్లం డాక్టరు కంట పడకపోయి ఉంటే ఆయన మాత్ర మోతాదు పెంచుతూ పోయేవారేమో.

5. "ఆకుతో నయమైంది" అన్న కథలు ఎందుకు వినపడతాయి

అబద్ధాలు అని కొట్టిపారేయను. ఒక కారణం తెలుసుకోండి. థైరాయిడ్ ఎక్కువవడంలో ఒక రకం ఉంది, థైరాయిడైటిస్. వైరస్ జ్వరం తర్వాతనో, కాన్పు తర్వాతనో గ్రంథి వాచి, నిల్వ ఉన్న హార్మోన్ ఒక్కసారిగా కారిపోతుంది. కొన్ని వారాలు, నెలల్లో అదే సర్దుకుంటుంది. దానికి కార్బిమజోల్ కూడా అవసరం ఉండదు. ఆ సమయంలో ఏ ఆకు తిన్నా, ఏ కషాయం తాగినా "దాంతోనే తగ్గింది" అనిపిస్తుంది. వాన వచ్చే ముందు రోజు పిచికారీ చేసి, పేనుబంక కొట్టుకుపోతే మన కషాయం గొప్పదనుకున్నట్టు.

పక్కింటివాళ్ళది థైరాయిడైటిస్ కావొచ్చు, మీది గ్రేవ్స్ కావొచ్చు. వాళ్ళ ఆకు మీకు పనిచేయదు. ఏ రకమో తేల్చేది యాంటీబాడీ పరీక్ష, స్కానింగ్. పుంగనూరులోనైనా, మదనపల్లెలోనైనా మొదటి రక్తపరీక్షలు చేస్తారు. ఆ పైన కావాలంటే కుప్పంలో మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది, తిరుపతి, వేలూరు, బెంగుళూరు మనకి దూరం కాదు.

6. ఇది మాత్రం కాగితం మీద రాసి గోడకి అంటించండి

కార్బిమజోల్ వాడేవాళ్ళలో కొద్దిమందికి రక్తంలో తెల్లకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. అరుదు, కానీ ప్రాణాంతకం. ఎక్కువగా మొదటి మూడు నెలల్లో వస్తుంది. గుర్తులు: జ్వరం, గొంతు నొప్పి, నోట్లో పుండ్లు.

మన ఇళ్ళల్లో జ్వరం, గొంతు నొప్పి వస్తే ఏం చేస్తాం? తులసి, మిరియాల కషాయం పెట్టి రెండు రోజులు చూస్తాం. వేరేవాళ్ళకి అది సరే. ఈ మాత్ర వాడేవాళ్ళకి ఆ రెండు రోజులే కొంప ముంచుతాయి. ఆ మాత్ర ఆపి, అదే రోజు డాక్టరుకి చెప్పి, రక్తకణాల లెక్క పరీక్ష చేయించాలి. కషాయం చెడ్డదని కాదు. కాలయాపన చెడ్డది.

కళ్ళు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం కాలేయానికి గుర్తు. అప్పుడూ ఆగకుండా పోవాలి. గర్భం అనుకునేవాళ్ళు ముందే డాక్టరుకి చెప్పాలి, మొదటి మూడు నెలల్లో మాత్ర మార్చాల్సి ఉంటుంది.

7. మన పొలం ఇవ్వగలిగింది ఏంటి

చాలానే ఉంది. థైరాయిడ్ ఎక్కువైతే ఎముకలు పలచబడతాయి, కండ కరిగిపోతుంది. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. రాగి సంగటి, పాలు, పెరుగు, నువ్వులు, ఆకుకూరలు ఎముకకి. ఉలవలు, వేరుశనగ, పప్పులు, గుడ్లు కండకి. కాఫీ, టీ తగ్గిస్తే దడ, వణుకు కొంత నయం. సజ్జల్లో థైరాయిడ్‌ని కొంచెం అడ్డుకునే గుణం ఉందని చదివి ఎవరూ సజ్జలే తిని మాత్ర మానొద్దు. తిండి తిండిగానే తినండి.

బీడీ, సిగరెట్ మానాలి. గ్రేవ్స్ ఉన్నవాళ్ళకి పొగ వల్ల కంటి జబ్బు ముదురుతుంది. హార్మోన్ అదుపులోకి వచ్చేదాకా మిట్టమధ్యాహ్నం టమోటా కోతలకి, బస్తాలు మోయడానికి పోవద్దు. ఉదయం, సాయంత్రం పని పెట్టుకోండి. ఇంట్లోవాళ్ళు కూడా "ఊరికే కూర్చుంది" అనకండి, ఆ గుండె కూర్చున్నా పరిగెత్తుతూనే ఉంటుంది.

8. ఏదైనా మూలిక వాడాలనే ఉంటే ఈ వరసలో చేయండి

ఒకటి, రిపోర్టు చేతిలో పెట్టుకుని ఎక్కువా, తక్కువా, ఏ రకమో డాక్టరు నోటి నుంచి వినండి.

రెండు, ఇంట్లో ఉన్న పొడులు, లేహ్యాలు, గోళీలు అన్నీ సంచిలో వేసుకుపోయి చూపించండి. తిడతారని దాచొద్దు. ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి పోతే అక్కడ మాత్రల చీటీ చూపించండి.

మూడు, మాత్ర మోతాదు మారుతున్న రోజుల్లో కొత్తది మొదలుపెట్టొద్దు. ఏది దేనివల్లో తెలియకుండా పోతుంది.

నాలుగు, డాక్టరు సరే అంటే ఒకసారికి ఒక్కటే. మొదలుపెట్టిన తేదీ, ఎంత తింటున్నదీ, ఉదయం లేవగానే నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో, వారానికోసారి బరువు పుస్తకంలో రాయండి. పది పదార్థాలు కలిసిన పొడి వద్దు.

ఐదు, 4 నుంచి 6 వారాలకి రక్తపరీక్ష. టీఎస్‌హెచ్ నెలల తరబడి తక్కువగానే ఉండొచ్చు కాబట్టి టీ3, టీ4 కూడా చూడాలి.

ఆరు, ఒళ్ళు బాగుందని మాత్ర తగ్గించడం, ఆపడం మీ పని కాదు. రిపోర్టు చూసి డాక్టరు చేయాల్సిన పని.

9. పొడులు అమ్మే రైతు మిత్రులకి

మన సరుకుకి మన పేరే పెట్టుబడి. "థైరాయిడ్‌కి" అని పొట్లం మీద రాయొద్దు. రెండు ఎదురెదురు జబ్బులకి ఒక పేరు పెట్టి ఒకే పొడి అమ్మినట్టు అవుతుంది. చట్టం కూడా ఒప్పుకోదు. 1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం జాబితాలో గాయిటర్, అంటే గొంతు ముందర వాపు, ఉంది. దాన్ని నయం చేస్తామని ప్రకటన ఇవ్వకూడదు.

నేను పాటించేది మూడే మాటలు. అశ్వగంధ అడిగిన ప్రతి ఒక్కరినీ థైరాయిడ్ ఉందా, ఏ రకం, గర్భిణా, ఏం మాత్రలు వాడుతున్నారు అని అడుగుతాను. పొట్లం మీద "థైరాయిడ్ ఎక్కువ ఉన్నవారు, గర్భిణులు వాడరాదు" అని తెలుగులో పెద్ద అక్షరాల్లో వేస్తాను. అనుమానం ఉంటే ఆర్డరు వెనక్కి పంపిస్తాను. నెలకి కొన్ని పొట్లాలు తగ్గుతాయి, నిజమే. తగ్గనివ్వండి.

విషం లేని తిండి పండిస్తున్నామని చెప్పుకునే మనం, మన పొట్లం ఎవరికీ విషం కాకుండా చూసుకోవాలి. వచ్చే వీడియోలో అశ్వగంధ వేర్లను ఎలా గ్రేడింగ్ చేయాలి, తేమ ఎంత ఉంటే నిల్వ చేయొచ్చు అనేవి చూపిస్తాను. ఈ లోపల మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ రిపోర్టు ఉంటే తీసి, టీఎస్‌హెచ్ ఎంత ఉందో ఒకసారి చూడండి.